కార్డు అత్త పేర, కాన్పు కోడలిది

పొద్దున తొమ్మిది దాటాక కుంఠా నాకా గల్లీల్లో నిలబడితే, చుట్టిన బీడీల కట్టలు సంచిలో సర్దుకొని బ్రాంచి దారి పట్టే మన ఆడవాళ్లు ఎదురవుతారు. వాళ్లలో నెలలు నిండుతున్న కోడళ్లూ ఉంటారు. ఎన్నో నెల బిడ్డా అంటే సిగ్గుపడుతూనే చెబుతారు. కార్డు ఎవరి పేర ఉందని అడిగితే మాత్రం మాకు పదేపదే వినబడే మాట ఒకటే: "మా అత్తది."

గర్భిణుల, బాలింతల ఆరోగ్యం గురించి రాయాలని మొదలుపెట్టినప్పుడు నడక, ఆకుకూరలు, నిద్ర అనే పాత పాఠమే మేమూ రాస్తామనుకున్నాం. ఆ పాఠంలో తప్పేమీ లేదు. కానీ ఒళ్లో చాట పెట్టుకొని రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు కూర్చునే మనిషికి "రోజూ అరగంట నడువమ్మా" అని చెప్పేముందు, ఆ అరగంటలో తప్పిపోయే బీడీల కూలి ఎవరిస్తారో కూడా చెప్పాలి. అది చెప్పని సలహా దవాఖాన గోడ మీది పోస్టర్ లాంటిది. చదువుతాం, ఇంటికొచ్చి మళ్లీ చాట ముందేసుకుంటాం.

ఈ కూలి సంగతి ఇప్పుడే ఎత్తడానికి కారణముంది. 2025 నవంబర్ 21 నుంచి దేశంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. బీడీ కామగార్లకు ఆసరాగా ఉన్న పాత చట్టాలు వాటిలో కలిసిపోయాయి. అంతకు రెండు నెలల ముందే, సెప్టెంబర్‌లో, జీఎస్టీ కౌన్సిల్ బీడీల మీద పన్నును 28 శాతం నుంచి 18కి దించాలని నిర్ణయించింది. కంపెనీల లెక్కలు మారుతున్నాయి. చుట్టే మనిషి లెక్క ఎక్కడుందో చూసుకోవలసిన వేళ ఇదే.

మిల్లు గేటు నుంచి ఇంటి గడప దాకా

ప్రసవ సెలవు మన ఊరికి కొత్త మాట కాదు. అప్పటి బొంబాయి ప్రెసిడెన్సీలో 1929లోనే ప్రసూతి సహాయ చట్టం వచ్చింది. దేశంలో ఆ రకం చట్టాల్లో అదే మొదటిది. 1928లో బొంబాయి శాసనమండలిలో ఆ బిల్లును బలపరుస్తూ మాట్లాడినవాళ్లలో డాక్టర్ అంబేడ్కర్ ఒకరు. అది ఫ్యాక్టరీ ఆడవాళ్ల కోసం చేసిన చట్టం. షోలాపూర్ అప్పుడు మిల్లుల ఊరు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన మన పద్మశాలి కుటుంబాలు ఆ మిల్లుల చుట్టూ, మగ్గాల చుట్టూ పూర్వభాగంలో పేటలు కట్టుకున్నాయి. తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మగవాళ్లు పవర్‌లూమ్ మీద తువ్వాళ్లు, చద్దర్లు నేస్తుంటే, ఆడవాళ్లు కండెలు చుట్టారు, బీడీలు చుట్టారు. పని ఇంట్లోకి వచ్చింది. చట్టం మాత్రం చాలాకాలం గేటు దగ్గరే నిలబడిపోయింది.

దాన్ని గడప దాకా తెచ్చింది 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం. ఆకు, తంబాకు తీసుకెళ్లి ఇంట్లో చుట్టి తెచ్చే మనిషి కూడా ఉద్యోగే అని అది రాసింది. ఆ చట్టం చెల్లదని కంపెనీలు కోర్టుకెక్కితే, 1974లో మంగళూరు గణేశ్ బీడీ కేసులో సుప్రీం కోర్టు చెల్లుతుందని తేల్చింది. అదే చట్టం 37వ సెక్షన్‌లో, 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం ఇంటి దగ్గర చుట్టేవాళ్లకూ వర్తిస్తుందని ఉంది. మెడికల్ బోనస్ లాంటి ఒకటి రెండు తీసేశారు గానీ, సెలవు కాలానికి కూలి అన్న అసలు సంగతిని తీసేయలేదు. 2017లో ఆ సెలవు మొదటి ఇద్దరు పిల్లలకు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలన్నది షరతు.

ఇది ఎంత డబ్బు? ఒక ఊహ లెక్క వేసి చూద్దాం. ఒకామెకు సగటున రోజుకు 200 రూపాయల కూలి పడుతుందనుకుంటే, 26 వారాలంటే 182 రోజులు, మొత్తం 36,400 రూపాయలు. ఆదివారాలు లెక్కలోకి రావన్న వాదన పాతది. వారానికి ఏడు రోజులూ లెక్కించాలని సుప్రీం కోర్టు 1977లోనే చెప్పింది. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి కాన్పుకు వచ్చేది 5,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. మన ఇళ్లలో ఆ 5,000 ఫారం గురించి అందరికీ తెలుసు. 36,400 గురించి అడిగినవాళ్లను మేము వేళ్ల మీద లెక్కపెట్టగలం. (చట్టం ప్రకారం ఇలాంటి సాయం అందుకునేవాళ్లకు మాతృ వందన వర్తించదన్న నిబంధన ఉంది. రెండూ కావాలనుకోవడం కంటే పెద్దదాన్ని అడగడం మేలు.)

ఇప్పుడు పై రెండు చట్టాలూ విడివిడిగా లేవు. బీడీ చట్టం వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో కలిసింది. ప్రసూతి చట్టం సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. 26 వారాలూ 80 రోజులూ కోడ్‌లోనూ ఉన్నాయి. అయితే అక్కడ ప్రసూతి అధ్యాయం ఫ్యాక్టరీలు, గనులు, తోటలు, పదిమంది లేదా అంతకు మించి పనిచేసే దుకాణాలు, సంస్థలు అన్న లెక్కతో మొదలవుతుంది. పాత 37వ సెక్షన్ ఇంట్లో చుట్టే మనిషిని పేరు పెట్టి పిలిచింది. కొత్త కోడ్ నియమాల్లోనూ ఆ పిలుపు అంత స్పష్టంగా వినబడాలని యూనియన్లు, మన సమాజ సంస్థలు పట్టుబట్టవలసింది ఇక్కడే. పది వేల ఇళ్లు సాధించుకున్న ఊరు ఇది. కుంభారి దగ్గరి గోదూతాయి పరులేకర్ వసాహత్ 2006లో ఊరికే రాలేదు. రాయ్‌నగర్‌లో 15,000 ఇళ్ల తాళాలు 2024 జనవరి 19న ఊరికే చేతికి అందలేదు. ఇల్లు అడిగినంత గట్టిగా ప్రసవ సెలవు అడిగిన మోర్చా మాకు గుర్తు లేదు.

అత్త కార్డు కథ

చట్టం ఎంత మంచిదైనా అది చూసేది కార్డు మీది పేరును. బీడీ బ్రాంచిలో కొత్త కార్డు దొరకడం కష్టం. ఒకరి కార్డు మీద ఇద్దరు చుట్టడం కంపెనీకీ లాభమే: ఒకరికే పీఎఫ్, ఒకరికే గ్రాట్యుటీ. ఇంటికి కూడా అది సులువుగా తోస్తుంది. అత్తకు పీఎఫ్ ఖాతా ఏళ్ల తరబడి నడుస్తోంది, పెన్షన్ దగ్గర పడుతోంది, ఘర్‌కుల్ ఇల్లు ఆమె కార్డు మీదే వచ్చింది. కోడలు చుట్టిన ఐదు వందలు కలిస్తే వెయ్యి లెక్క నిండుతుంది. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. అత్త కూడా ఒకప్పుడు తన అత్త కార్డు మీద చుట్టిన మనిషే.

కానీ ఫలితం చూడండి. గర్భం వచ్చే వయసు దాటిన మనిషి పేర ప్రసూతి హక్కు ఉంది. గర్భిణికి పని ఉంది, పేరు లేదు. ఆమె 80 రోజులు చుట్టినట్టు రుజువు ఏ పుస్తకంలోనూ లేదు. ఇంకో సంగతి, కార్డు ఉన్నవాళ్లూ గమనించాలి: సెలవు కూలిని లెక్కగట్టేది, సెలవు మొదలవడానికి ముందు మూడు నెలల్లో పనిచేసిన రోజుల సగటు మీద. ఒళ్లు బరువై తక్కువ చుట్టిన రోజులు ఆ సగటును దించుతాయి. ఆ నెలల్లో ఆమె చుట్టిన బీడీలు వదినె కార్డు మీదో, అమ్మ కార్డు మీదో పడితే ఇంకా దిగుతుంది.

కాన్పు తర్వాత ఆరు వారాలు ఆడమనిషితో పని చేయించరాదని చట్టం అంటుంది. ఫ్యాక్టరీలో అయితే గేటు దగ్గర ఆపవచ్చు. ఇల్లే కార్ఖానా అయినచోట ఆపవలసింది ఎవరు? "ఊరికే కూర్చున్నవ్ గదా, నాలుగు కట్టలు చుట్టరాదూ" అన్న మాట పన్నెండో రోజే వినబడే ఇళ్లు మాకు తెలుసు. ఆ మాట అనేది కఠినమైన మనసు కాదు, నెలాఖరుకు కట్టవలసిన బచత్ గట్ కిస్తీ.

కూర్చున్న పని కసరత్తు కాదు

"మేం నిండు నెలల్ల గూడ వెయ్యి చుట్టినం, ఏమైంది?" అని పెద్దవాళ్లు అంటారు. పని చేస్తే కాన్పు సులువవుతుందన్న నమ్మకం మన వాళ్లలో బలంగా ఉంది. అందులో నిజం లేకపోలేదు. రోట్లో దంచి, బావి నుంచి నీళ్లు తోడి, పొలానికి నడిచిన అవ్వల ఒంటికి కదలిక దొరికేది. బీడీ పనిలో కదిలేవి వేళ్లు మాత్రమే. నడుము వంగి ఉంటుంది, మోకాళ్లు మడిచి ఉంటాయి, గంటల తరబడి కాళ్లలో రక్తం కిందికే ఉంటుంది. గర్భంలో రక్తం గడ్డకట్టే గుణం మామూలుగానే పెరుగుతుంది. దానికి ఈ కూర్చోవడం తోడైతే కాళ్ల వాపు, నరాలు ఉబ్బడం, నడుం నొప్పి వస్తాయి. అరుదుగా కాలి నరంలో గడ్డ కట్టే ప్రమాదమూ ఉంటుంది. సాయంత్రానికి ఒళ్లు హూనమవుతుంది గనుక వ్యాయామం అయిందనిపిస్తుంది. అలసట వేరు, వ్యాయామం వేరు.

ఏ చిక్కూ లేని గర్భిణి వారానికి 150 నిమిషాలు, అంటే రోజుకు పాతిక నిమిషాల లోపు, ఓ మోస్తరు చురుకుగా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. బాలింతలకూ అదే మాట. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ ఆ వేగం. మన ఇళ్లకు సరిపడేట్టు చెప్పాలంటే: ప్రతి రెండు కట్టలకోసారి లేచి గల్లీ చివరిదాకా వెళ్లి రావడం, గోడకు వీపు ఆనించి కూర్చోవడం, నడుం వెనక మడిచిన చద్దరు పెట్టుకోవడం, కాళ్లు చాపి మడమలు ఆడించడం. చాటను ఒళ్లోంచి తీసి చిన్న పీట మీద పెడితే మెడ వంపు తగ్గుతుంది. బ్రాంచికి నడిచి వెళ్లడం కూడా నడకే, బరువు సంచి వేరేవాళ్లు మోస్తే. రక్తస్రావం, మాయ కిందికి ఉందని సోనోగ్రఫీలో తేలడం, బీపీ బాగా పెరగడం, నెలలు నిండకుండా నొప్పులు రావడం లాంటివి ఉంటే మాత్రం ఈ నడక కూడా డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

నీళ్ల సంగతి వేరే చెప్పాలి. కొన్ని రోజులకోసారి వచ్చే నల్లా కోసం అర్ధరాత్రి లేచి బిందెలు మోయడం మన పేటల్లో మామూలు. నిండు నెలల మనిషి మోయకూడని బరువు అదే. పైగా లేవాల్సి వస్తుందని నీళ్లు తాగకపోవడం, మూత్రం ఆపుకోవడం, దాంతో మంట, జ్వరం. మూత్రంలో ఇన్ఫెక్షన్‌ను వదిలేస్తే అది మూత్రపిండాల దాకా పాకి, నెలలు నిండని కాన్పుకూ దారి తీయవచ్చు. షోలాపూర్ వేసవిలో పత్రా కప్పు కింద కూర్చునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

తంబాకు, మిశ్రీ

ఇక మనం మాట్లాడుకోవడానికి ఇష్టపడని విషయం. తంబాకు ధూళిలో నికోటిన్ ఉంటుంది. ఊపిరితో పోతుంది, తడి వేళ్ల చర్మం గుండానూ పోతుంది. పొద్దంతా తంబాకుతో ఉన్న చేతులు అన్నం కలిపి, అవే చేతులు బిడ్డకు రొమ్ము అందిస్తాయి. జోలె ఊయల చాట పక్కనే వేలాడుతుంది. గర్భిణి చుట్టక తప్పదనుకుంటే కిటికీ పక్కన కూర్చోవాలి, ముక్కుకు కొంగు కాదు, శుభ్రమైన పలచటి గుడ్డ కట్టుకోవాలి, తినే ముందు, బిడ్డను తాకే ముందు సబ్బుతో కడుక్కోవాలి, ఆ చీర మార్చుకోవాలి. ఊయల వేరే గదిలో ఉండాలి. ఒకే గది ఇల్లయితే తంబాకు డబ్బాకు మూత పడాలి. ఇవన్నీ చేసినా ధూళి కొంత పోతూనే ఉంటుంది. అసలు మందు ఆ నెలల్లో చుట్టకపోవడమే. మళ్లీ కూలి దగ్గరికే వచ్చాం.

మిశ్రీ విషయంలో మాత్రం కూలి సాకు లేదు. తంబాకును కాల్చి నూరి పళ్లకు రుద్దుకునే ఈ అలవాటు మనకు ఇక్కడి నుంచే అబ్బింది. గర్భంలో వేవిళ్లు తగ్గుతాయని, మోషన్ సాఫీగా అవుతుందని పూటపూటకూ రుద్దుకునేవాళ్లున్నారు. ముంబైలో 1,217 మంది ఆడవాళ్లను గర్భం నుంచి కాన్పు దాకా గమనించి 2004లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. అందులో మిశ్రీ, గుట్కా లాంటి పొగ లేని తంబాకు వాడిన తల్లుల బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు. మిశ్రీ మానేయడానికి దవాఖానకు పోనక్కర్లేదు, డబ్బు ఖర్చు లేదు. కష్టం మాత్రం ఉంది, అది మాకు తెలుసు. మానిన మొదటి వారం తల నొప్పి, చిరాకు వస్తాయి. ఇంట్లో అత్త కూడా ఆ వారం డబ్బా దాచిపెడితే కోడలికి సగం పని అయినట్టే.

రక్తం లెక్క

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి, మహారాష్ట్రలో 45.7 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భంలో హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే ప్రాణం మీదికి వచ్చే స్థితి. కాన్పులో పోయే రక్తాన్ని తట్టుకోవడానికి ఒంట్లో నిల్వ ఉండాలి. గోళీలు ఉచితంగానే వస్తున్నాయి: నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు. వాటిని మింగుతున్నామా అన్నదే ప్రశ్న. నల్లగా మోషన్ అవుతుందని భయపడి డబ్బాలో వదిలేసిన గోళీలు మేము చూశాం. నలుపు మామూలే, భయం లేదు. అన్నిటికంటే పెద్ద శత్రువు చాయ్. నిద్ర రాకుండా చుట్టడానికి రోజుకు ఆరేడు సార్లు తాగే చాయ్ గోళీలోని, తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. గోళీకి, భోజనానికి ముందూ వెనకా ఒక గంట చాయ్ లేకుండా ఉండాలి. క్యాల్షియం గోళీని ఐరన్ గోళీతో కలిపి వేసుకోకూడదు.

తిండి గురించి దూరం వెళ్లనక్కర్లేదు. జొన్నరొట్టె, శేంగా చట్నీ, మెంతికూర, మట్కీ మొలకలు, పైన నిమ్మకాయ పిండుకుంటే అది బలమైన భోజనమే. గుడ్డు దొరికితే ఇంకా మంచిది. ఇద్దరి కోసం తినాలన్న మాట మోతాదుకు కాదు, రకాలకు వర్తిస్తుంది. చక్కెర జబ్బు ఇప్పుడు మన పేటల్లో ఇంటింటి చుట్టం. గర్భిణికి గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చేసే పరీక్ష మానకూడదు.

పుట్టింటికి పోయే ముందు

మన ఇళ్లలో చాలా సంబంధాలు ఇప్పటికీ కరీంనగర్, సిరిసిల్ల, వరంగల్ వైపు నుంచే. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో కోడలు పుట్టింటికి పోతుంది. ఇక్కడ ఒక అంకె గుర్తుంచుకోవాలి. అదే సర్వేలో సిజేరియన్ కాన్పులు మహారాష్ట్రలో 25.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. అది దేశంలోకెల్లా ఎక్కువ. అవసరమైన సిజేరియన్ తల్లినీ బిడ్డనూ కాపాడుతుంది, దానికి భయపడకూడదు. కానీ రాష్ట్రం మారగానే అవసరం రెట్టింపు దాటి ఎలా పెరుగుతుంది? ముహూర్తం చూసి కోయించుకునే మోజు కొంత, ప్రైవేటు నర్సింగ్ హోంల లెక్కలు కొంత. దీన్ని తగ్గించడానికే తెలంగాణ ప్రభుత్వం 2017లో కరీంనగర్ జిల్లా దవాఖానలో నర్సులకు మంత్రసాని విద్యలో ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టింది. పుట్టింటివాళ్లు డాక్టరును "ఎందుకు కోయాలి?" అని ఒక్కమాట అడిగితే తప్పు కాదు. కోత పడితే కోలుకునే కాలం పెరుగుతుంది. చాట ముందు వంగి కూర్చోవడం మొదటి ఆరు వారాలు మరీ కష్టం.

భాష కూడా ఒక ఆరోగ్య విషయమే, మనలాంటి అల్పసంఖ్యాకులకు. ఇక్కడి మాతా-బాల సురక్షా కార్డు మరాఠీలో ఉంటుంది. అది పట్టుకొని సిరిసిల్ల దవాఖానకు పోతే చదివేవాళ్లు దొరకరు. వెళ్లేముందు బ్లడ్ గ్రూపు, ఆఖరి హిమోగ్లోబిన్, బీపీ, చక్కెర పరీక్ష, టీకా తేదీలు ఇంగ్లీషులో ఒక కాగితం మీద డాక్టరుతో రాయించుకోవాలి. అటు నుంచి ఇటు వచ్చిన కొత్త కోడలికి ఇంకో చిక్కు. మరాఠీ రాదు. ఆశా తాయి అడిగేది అత్తను, జవాబు చెప్పేదీ అత్తే. "కళ్లు మసకబారుతున్నాయా?" అన్న ప్రశ్న కోడలి చెవి దాకా రాదు. పూర్వభాగంలో తెలుగు మాట్లాడే ఆశా తాయిలు ఉన్నారు. మహానగరపాలిక ఆరోగ్య కేంద్రాల్లో ఎక్కడెక్కడ ఉన్నారో చూసి, మన పేటలకు వాళ్లనే ఇవ్వమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

ప్రభుత్వ దవాఖానలో కాన్పు, సిజేరియన్ అయినా సరే, మందులు, పరీక్షలు, భోజనం, రాకపోకల బండితో సహా ఉచితమని 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం చెబుతోంది. కుంభారి, రాయ్‌నగర్ లాంటి దూరపు వసాహత్‌లకు మారినవాళ్లు రాత్రి నొప్పులొస్తే ఆటో వెతుక్కోకుండా 102, 108 నంబర్లు గోడ మీద రాసిపెట్టుకోవడం మంచిది.

బాలింత గది

కాన్పయిన తర్వాత మన వాళ్లకు రెండు సంప్రదాయాలు కలిశాయి. తెలంగాణ నుంచి తెచ్చుకున్న కాయం, వెల్లుల్లి కారం, పాత బియ్యం అన్నం, నీళ్ల కట్టడి ఒకవైపు. ఇక్కడ నేర్చుకున్న డింక్ లాడూ, అళీవ్ లాడూ, శేపూ కూర, శేక్-శేగడీ మరోవైపు. లాడూలు, శేపూ మంచివే. నీళ్ల కట్టడి మంచిది కాదు. పాలిచ్చే తల్లికి నీళ్లు మామూలు కంటే ఎక్కువ కావాలి. తాగితే పొట్ట రాదు. నెల రోజులు పప్పు, కూర పెట్టకుండా కారం మెతుకులతో గడిపితే పోయిన రక్తం ఎక్కడి నుంచి తిరిగి వస్తుంది?

శేగడీ గురించి గట్టిగానే చెబుతాం. మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టి, గాలి తగులుతుందని తలుపులు, కిటికీలు మూసేస్తారు. మూసిన గదిలో బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తల్లీ బిడ్డా నిద్రలోనే పోయేంత ప్రమాదం అది. వేడి నీళ్ల స్నానం, వెచ్చటి దుప్పటి సరిపోతాయి.

మామూలు కాన్పయితే మరునాటి నుంచే గదిలో నాలుగడుగులు వేయడం మంచిది. మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలను బిగించి, ఐదు లెక్కపెట్టి వదలడం రోజుకు కొన్నిసార్లు చేస్తే, దగ్గినా తుమ్మినా మూత్రం జారే ఇబ్బంది తగ్గుతుంది. ఈ ఇబ్బంది మన ఆడవాళ్లలో ఎంతోమందికి ఉంది, ఎవరూ పైకి చెప్పరు. వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి మెల్లగా ఊపిరి వదులుతూ పొట్ట లోపలికి లాగడం తర్వాతి మెట్టు. పొట్టకు గుడ్డ బిగించి కట్టడం కండరాల పని చేయదు. కోత పడినవాళ్లు బిడ్డ కంటే బరువైనది ఎత్తకుండా ఆరు వారాలు ఆగాలి.

ఈ ఆరు వారాల్లో ఆశా తాయి ఇంటికి ఆరుసార్లు రావాలి: 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. గంటకో గుడ్డ తడిసేంత రక్తం, చలి జ్వరం, దుర్వాసన, తగ్గని తలనొప్పితో కళ్లు మసకబారడం, ఒక్క కాలే వాచి నొప్పి పెట్టడం, ఆయాసం వస్తే ఆ తాయి కోసం ఆగకూడదు. నేరుగా దవాఖానకు వెళ్లాలి. బిడ్డను చూసి ఏడవడం, నిద్ర పట్టకపోవడం రెండు వారాలు దాటితే దాన్ని గాలి సోకిందని తాయెత్తుతో సరిపెట్టకూడదు. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్‌లో తెలుగులోనూ మాట్లాడతారు.

మళ్లీ కార్డు దగ్గరికి. కుంఠా నాకాలో మాకు తెలిసిన ఒక ఇంట్లో అత్త తన కార్డు పక్కన పెట్టి, కోడలి పేర కొత్త కార్డు కోసం బ్రాంచికి తిరుగుతోంది. ఆధార్, ఫోటో, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు రెండుసార్లు ఇచ్చింది. మొదటిసారి ఇప్పుడు కొత్తవి ఇవ్వడం లేదన్నారు. రెండోసారి వచ్చే నెల చూద్దామన్నారు. మూడోసారి యూనియన్ మనిషిని వెంట తీసుకుపోతానంటోంది. కోడలికి ఇప్పుడు మూడో నెల. వారానికి ఆరు రోజుల లెక్కన, నాలుగో నెలలో కార్డు చేతికొస్తే ఎనిమిదో నెలకల్లా 80 రోజులు నిండుతాయి. ఆరో నెల దాటితే ఆ లెక్క కుదరదు.